కిష్టమ్మ కథలో తాళంకప్ప

నా భార్యను దేవతను చేస్తున్నామని హరీష్ వచ్చి చెప్పినప్పుడు నేను వాకిట్లో కూర్చుని మంచం కోడుకు మేకు కొడుతున్నాను. సుత్తి చేతిలోనే ఉంది. దాన్ని కింద పెట్టి, అప్పుడు తలెత్తాను.

"చిన్నాయనా, వచ్చే ఆదివారం చిన్నమ్మ ఏడాది పెట్టుకున్నం. మస్తుగ జెయ్యాలె," అన్నాడు.

"తిథి బుధవారం గద రా."

"బుధవారం జనం యాడికెల్లి వస్తరు? అందరు డ్యూటీల మీద ఉంటరు."

హరీష్ మా అన్న కొడుకు. నాచారం ఊరి పొలాలు కార్ఖానాల కింద పోగా మావాళ్ళకు మిగిలిన ముక్కలో రేకుల షెడ్డు వేశాడు. రంగుల్లో కలిపే థిన్నర్‌ను అందులో డబ్బాల్లో నింపించి దుకాణాలకు పంపుతాడు. నా భార్య కిష్టమ్మ అక్కడే పనిచేసేది. డబ్బాలకు మూతలు బిగించేది, చీటీలు అంటించేది, తన దగ్గరున్న ఆడపిల్లలకు పని చెప్పేది.

అంతకు ముందు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఆ షెడ్డు అంటుకుంది. మంట ముందు తలుపు దగ్గరే లేచింది. వెనక షట్టర్‌కు బయటి నుంచి తాళంకప్ప వేసి ఉంది. ఆడవాళ్ళు చాయ్‌కి పోయి ఆలస్యంగా వస్తున్నారని హరీషే రోజూ వేసేవాడు. కడుగుడు గదిలో పైన చిన్న కిటికీ ఉంది. కిష్టమ్మ పిల్లలను ఒక్కొక్కరినే భుజాల మీద ఎక్కించి అందులోంచి అవతలికి తోసింది. చివరికి ఆమెను ఎక్కించేందుకు ఎవరూ మిగల్లేదు.

ఇదీ జరిగింది. నేను దీనికి ఏమీ కలపలేదు.

హరీష్ ఫోన్ తీసి రాతి బొమ్మను చూపించాడు. సన్నని నడుము, పిరుదులు దాటిన జుట్టు, చుట్టూ పువ్వుల్లాంటి మంటలు.

"ఎవరీమె?"

"చిన్నమ్మనే. అగ్గిలకెల్లి లేస్తున్నట్టు చెక్కిచ్చిన. షెడ్డు సందు మొగదల నిలబెడ్తున్నం."

"మీ చిన్నమ్మ గడప దాటాల్నంటె పక్కకు తిరిగి దాటేది. గా కిటికీల పట్టకనే సచ్చింది. గింత నడుమే ఉంటె బతికేది గద రా."

వాడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "దేవత అన్నంక జర మంచిగ చెక్కుతరు చిన్నాయనా. కీసర దిక్కుకెల్లి ఒగ్గు మైసయ్య మేళం వస్తుంది. చిన్నమ్మ మీద కథ కట్టిండు. ఇంటె నీకే ఒళ్ళు జలదరిస్తది. చిన్నమ్మ పుట్టినప్పుడు కీసర గుట్ట మీద గంట తనంత తనే మోగిందంట."

"ఎవలు జెప్పిన్రు?"

"రాజ్యం పెద్దమ్మ. సొంత అక్కనే గద."

"కిష్టమ్మ పుట్టినప్పుడు రాజ్యానికి రెండేండ్లు. దానికి అప్పుడు గంటకు, గిన్నెకు తేడా తెల్వదు."

"పసిపిల్లగ ఉన్నప్పుడు పొయ్యిల పడితె ఎంట్రుక గూడ కాలలేదంట."

కిష్టమ్మకు ఎడమ మణికట్టు నుంచి మోచేతి దాకా కాలిన మచ్చ ఉండేది. చిన్నప్పుడు రొట్టెల పెనం మీద పడింది. చలికాలం ఆ చర్మం పగిలితే వెన్న రాసింది నేను. ఆ మచ్చను బట్టే శవాన్ని గుర్తు పట్టమని దవాఖానాలో అన్నారు. పట్టడానికి మచ్చ మిగల్లేదు.

"కథల తాళంకప్ప ఉన్నదా?" అని అడిగాను.

హరీష్ రోడ్డు వైపు చూశాడు. "ఏడాది నాడు గా ముచ్చటెందుకు చిన్నాయనా? రాసిపెట్టి ఉన్నది. అగ్గి పిలిచింది, పోయింది."

"ఎవలో పిలిస్తె పోయే మనిషి గాదు రా అది. నేను పిలిస్తెనే మూడోసారికి పలికేది."

వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. ముందు వరసలో కుర్చీ వేయిస్తానని చెప్పి బండెక్కాడు.

వాడి తొందర నాకు తెలుసు. కేసు కోర్టులో ఉంది. షట్టర్‌కు తాళమే లేదని, వేడికి బిగుసుకుపోయిందని వాడి వకీలు అంటున్నాడు. తాళంకప్ప బూడిదలో దొరకలేదు. బయటపడ్డ పిల్లల్లో కొందరికి హరీష్ మళ్ళీ పని ఇచ్చాడు, కొందరు ఊళ్ళకు పోయారు. అందరూ పొగలో ఏమీ కనబడలేదనే అన్నారు. చివరగా బయటపడ్డ ఆశ మాత్రం పోలీసులకు చెప్పింది. కిష్టమ్మ షట్టర్‌ను డబ్బాతో బాదింది. "హరీష్, తాళం తియ్ రా" అని పేరు పెట్టి అరిచింది. అవతల నుంచి ఎవరూ పలకలేదు.

ఆ మాట ఆశ కోర్టులో చెప్పాలి. ఏడాది పెట్టిన వారానికే వాయిదా.

*

మా మేడ మీద తేజేష్ అద్దెకుంటాడు. భీమవరం వైపు అబ్బాయి. ఉప్పల్‌లో కంప్యూటర్ ఉద్యోగం. కిష్టమ్మ పోయాక దిగినవాడు, ఆమెను ఎరగడు. సెలవు రోజుల్లో కెమెరా ముందు కూర్చుని పురాణాల గురించి మాట్లాడతాడు. చాలామంది చూస్తారట.

ఆ సాయంత్రం ట్యాంకు నిండి నీళ్ళు కారుతుంటే మోటారు కట్టేయమని చెప్పడానికి పైకి పోయాను. అతను గట్టిగా మాట్లాడుతున్నాడు. నన్ను చూసి ఆపాడు.

"రండి చెన్నయ్య గారూ, కూర్చోండి. ఇవాళ ఏసు కథండి. పాత వీరుల కథల మూసలో పోశారా, లేదా అని."

"మూసేంది?"

"ఒక తెల్లాయన ఎప్పుడో పాత వీరుల కథలన్నీ పక్కపక్కన పెట్టి ఒక కొలత తయారు చేశాడండి. తల్లి కన్య. పుట్టుక వింత. పుట్టగానే ఎవడో రాజు చంపబోతాడు. దూరంగా, ఎవరింట్లోనో పెరుగుతాడు. తిరిగొచ్చి గెలుస్తాడు, ధర్మాలు చెబుతాడు. తర్వాత జనం వదిలేస్తారు. చావు మామూలుగా ఉండదు, చాలాసార్లు గుట్ట మీద. శవం ఉండదు, గుడి మాత్రం ఉంటుంది. ఎన్ని కలిస్తే అన్ని మార్కులు."

"మా ఒగ్గోళ్ళు జెప్పే కథలన్ని గింతే."

"అదేనండీ! కృష్ణుడికి చాలా వస్తాయి. ఏసుకూ బాగానే వస్తాయి."

"మంచిగ వస్తె ఏమైతది?"

"మార్కులు పెరిగేకొద్దీ అలాంటి మనిషి నిజంగా ఉన్నాడన్న నమ్మకం తగ్గుతుందని కొందరంటారండి."

నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. "ఒక ఆడమనిషి కథ జెప్త. కొలువు," అన్నాను.

అతనికి సరదా పుట్టింది. మైసయ్య కట్టాడని ఊళ్ళో విన్నదంతా చెప్పాను. పుట్టగానే గుట్ట మీద గంట మోగింది. ఈ పిల్ల వంశానికి గండమని జోస్యుడు చెబితే తండ్రి పొయ్యిలో వేయబోయాడు, వెంట్రుక కాలలేదు. వేరే ఊళ్ళో మేనమామ ఇంట గొర్రెల మధ్య పెరిగింది. నలుగురిని కాపాడింది. అగ్ని పిలిస్తే అగ్నిలో కలిసింది. శవం లేదు, గుడి ఉంది. పిల్లలను కాపాడడం, మేనమామ ఇంట పెరగడం, ఆ రెండే అందులో నిజం. తల్లి జబ్బు పడితే రెండేళ్ళు అక్కడ ఉంచారు.

తేజేష్ వేళ్ళు మడుస్తూ పోయాడు. "అబ్బో, భలే వచ్చాయండీ! ఏ ఊరి అమ్మవారు? ఏ శతాబ్దం?"

"పోయినేడు దాక కింది గదిల బియ్యం ఏరింది. నా పెండ్లాం."

అతని వేళ్ళు మడిచినవి మడిచినట్టే ఉన్నాయి.

"నీ లెక్క ప్రకారం అది లేనే లేదు," అన్నాను. "నా వీపు గోకిందెవరు మరి? మిరపకాయ బజ్జీలు నాకు దాచకుండ తిన్నదెవరు? పచ్చీసుల గవ్వలు మోకాలి కింద దాసి దొంగాట ఆడిందెవరు?"

"అయ్యో, నేను ఆ ఉద్దేశంతో..."

"నీ ఉద్దేశం నీ కాడ పెట్టుకో. కాళ్ళు సాపుకొని కూసొని సచ్చినోళ్ళకు మార్కులేస్తవా?"

మంచి పిల్లవాడే. తలుపు మూయలేదు, ఎదురు తిట్టలేదు. మెల్లగా అన్నాడు: "నగలు తర్వాత పెట్టారన్నంత మాత్రాన మనిషి లేడని కాదండి. ఏసు కథల్లో అన్నిటికంటే పాతదంటారే, అందులో పుట్టుక ఊసే లేదు. పెద్దవాడిగానే వస్తాడు. చివర సమాధి దగ్గర ఆడవాళ్ళు భయపడి పరుగెత్తుతారు. మట్టిపిట్టలు చేసి ఎగరేశాడని, ఇంకా ఏవేవో, తర్వాతివాళ్ళు చెప్పుకున్నారు. మూసకు అతకనివి కూడా ఉన్నాయి. వెంట ఉన్నవాళ్ళే పారిపోవడం. చంపమన్న అధికారి పేరు."

"పేరు ఉన్నదా?"

"ఉందండి. పిలాతు. ఆ దేశం మీద పెత్తనం చేసిన అధికారి, మీ మాటలో హాకిం. నిజంగా ఉన్నవాడే. వాళ్ళ ప్రార్థనలో ఇప్పటికీ ఆ పేరు పలుకుతారు."

"నీ కొలతల దానికెన్ని మార్కులు?"

తేజేష్ తల గోక్కున్నాడు. "దానికి గడి లేదండి. వీడియోలో కూడా తీసేశాను. టైము చాలదని."

నాకు ఒళ్ళు మండిపోయింది. గంటకు గడి ఉంది. పొయ్యికి గడి ఉంది. చంపినవాడికి లేదు. ఈ అబ్బాయి చదువుకుని తీసేశాడు, హరీష్ చదువు లేకుండానే తీసేశాడు.

"మోటార్ బంద్ జెయ్," అని కిందికి వచ్చేశాను.

*

శనివారం షేర్ ఆటో ఎక్కి లాలాపేట్ పోయాను. ఆశ వాళ్ళ ఇల్లు ఫ్లైఓవర్ అవతల సందులో. తండ్రి లేడు. తల్లి శాంతాబాయి ఇళ్ళల్లో వంట చేస్తుంది. వాళ్ళు క్రైస్తవులు. ఆశ ఇప్పుడు ఉప్పల్‌లో బట్టల దుకాణంలో పనిచేస్తోంది. కిష్టమ్మను అత్తా అని పిలిచేది, అందుకని నన్ను మామా అంటుంది.

"వాయిదాకు వస్తున్నవు గద బిడ్డా?" అన్నాను.

"వస్త మామా."

"ఏం జెప్తవ్?"

ఆమె కళ్ళు మూసుకుంది. అది చూసే నాకు అనుమానం వచ్చింది. జరిగింది చెప్పేవాళ్ళు కళ్ళు మూయరు. పాట అప్పజెప్పేవాళ్ళు మూస్తారు.

"అంత పొగ. గా పొగల కిష్టత్త మొహం సుట్టు వెలుగు. భయపడకు బిడ్డా అన్నది. గా వెలుగే నాకు కిటికీ సూపిచ్చింది."

"వెలుగు గాదే. మంట."

"వెలుగే మామా."

"కిష్టమ్మ భయపడకు బిడ్డా అనదు. ఎక్కుతవా తన్నాల్నా అంటది."

ఆశకు నవ్వు వచ్చింది. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నిజమే మామా. నన్ను 'గాడ్ది, గోడ పట్టుకో' అన్నది."

"మరి తాళం?"

నవ్వు పోయింది. "చప్పుడైతె అయింది. షట్టర్‌దా, డబ్బాలు పేలినయా... ఏమో మామా. ఒకప్పుడు మంచిగ యాదికుండె."

అప్పుడు తెలిసింది. హరీష్ వారం వారం ఆమెను కాలిన షెడ్డు దగ్గరికి పిలిపించి, దండం పెట్టడానికి వచ్చిన ఆడవాళ్ళకు చెప్పమనేవాడు. మొదట్లో తాళం గురించి చెప్పేదట. ఆడవాళ్ళు కదిలేవాళ్ళు కాదట. వెలుగు అన్నప్పుడు ఏడ్చేవాళ్ళట. ఒకరిద్దరు ఆమె చేతులు కళ్ళకద్దుకున్నారట. చెప్పగా చెప్పగా వెలుగు పెరిగింది, తాళం తరిగింది.

"నువ్వు అబద్ధం జెప్తున్నవ్," అన్నాను.

శాంతాబాయి వంటింట్లోంచి వచ్చింది. చేతికి పిండి ఉంది. "జర నిమ్మళంగ అన్నా. పోరి నిద్రల ఉలిక్కిపడి గోడలెక్కేది. గా వెలుగు ముచ్చట వచ్చినంక పండుకుంటుంది. గది దాన్ని నిద్రబుచ్చింది. నువ్వు వచ్చి గుంజుకుంటవా?"

ఆమె అన్నది అబద్ధం కాదు. అయినా నేను ఆగలేదు.

"మీరు రేపు చర్చికి పోతరు గద. మీ ప్రార్థనల ఎవలెవల పేర్లు పలుకుతరు బిడ్డా?"

"ఏసయ్యది. మరియమ్మది." ఆమె కాసేపు పెదవులు కదిపింది. "పిలాతుది."

"వాడు మంచోడా?"

"గాదు మామా. సంపనిచ్చిండు. నీళ్ళు తెప్పిచ్చుకొని చేతులు కడుక్కున్నడు."

"దేవుని పక్కన గసొంటోని పేరెందుకు? ఇన్ని వందలేండ్ల సంది ఎందుకు తీసెయ్యలే?"

ఆశ తల్లి వైపు చూసింది.

"మీ పెద్దలు ఆయనకు వెలుగు పెట్టిన్రు, సుక్కను పెట్టిన్రు. పెట్టుకోని. హాకిం పేరు మాత్రం ఉంచిన్రు. నువ్వు ఏడాది గాకుండనే తాళం తీసేస్తివి. షెడ్డుల తీయాల్సిన తాళం తియ్యనే లేదు, కథల తాళం తీసిన్రు!"

"అన్నా, చాయ్ తాగు," అంది శాంతాబాయి, పొమ్మన్నట్టు.

తాగలేదు. వచ్చేశాను.

*

ఆదివారం మూడు గంటలకే సందు నిండింది. బొమ్మకు పట్టుచీర కట్టారు. మా పాలివాళ్ళు, కార్ఖానాల వాళ్ళు, రామంతాపూర్ నుంచి మా వదినె రాజ్యం, అందరూ వచ్చారు. ముందు వరసలో నాకు వేసిన కుర్చీలో నేను కూర్చోలేదు. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. తేజేష్ కూడా వచ్చి నా పక్కన నిలబడ్డాడు. పొమ్మనలేదు, పలకరించలేదు.

మైసయ్య మేళం వాళ్ళు నేల మీద పసుపు కుంకుమలతో పట్నం ముగ్గు వేశారు, బండారి అనే పసుపు చల్లారు, ఢోలు మోగించారు. మైసయ్య ఎర్రని తలపాగా, గజ్జెలు. కథ మొదలుపెట్టే ముందు హరీష్ అతని చెవిలో ఏదో చెప్పాడు. మైసయ్య నవ్వి, మైకులోనే జవాబిచ్చాడు.

"పైసలు పెట్టినోని పేరు లేని కథ యాడుంటది సారూ! పెడ్త, మొదట్లనే పెడ్త."

పెట్టాడు. నాచారం పట్నంలో హరీష్ మారాజు అనే ప్రభువు ఉన్నాడట. ధర్మాత్ముడట. అతని కొలువులో కిష్టమ్మ తల్లి పనిచేసిందట. హరీష్ కాలు మీద కాలు వేసుకుని విన్నాడు.

ఒగ్గు కథ ఒక్కడు చెప్పేది కాదు. ప్రధాన కథకుడు ఒక మాట అంటే పక్కవాడు దాని చివరను అందుకుని తిప్పి చెప్పి "ఔ!" అంటాడు. ఏళ్ళ తరబడి అలవాటైన నోరు అది. మాట చెవిన పడితే చాలు, బయటికి వచ్చేస్తుంది.

"గుట్ట మీద గంట మోగిందిరా!"

"గంట మోగిందీ, ఔ!"

రాజ్యం కళ్ళు ఒత్తుకుంటోంది. ఆ గంటను తానే పుట్టించానని మరిచిపోయింది. నేను పళ్ళు బిగపట్టి నిలబడ్డాను. నా భార్యను కళ్ళముందే మళ్ళీ కాలుస్తుంటే, ఈసారి జనం చప్పట్లు కొడుతున్నారు.

కథ పొయ్యి దాటి, మేనమామ గొర్రెలు దాటి, షెడ్డు దాకా వచ్చింది. అక్కడ మైసయ్య ఆగాడు. చదివింపుల వేళ. కథ నడుమ కట్నం ఇచ్చినవాళ్ళు ఏ మాట చెబితే ఆ మాటను మైకులో చదవడం ఒగ్గువాళ్ళ పద్ధతి. హరీష్ ఇచ్చాడు, వాడి గొప్ప చదివారు. రాజ్యం ఇచ్చింది, చెల్లెలి మీద ప్రేమ చదివారు.

అప్పుడు ఆశ లేచింది. చర్చికి కట్టుకున్న తెల్ల చీరలోనే ఉంది. వెనక శాంతాబాయి కొంగు పట్టుకుని లాగుతోంది. ఆశ విడిపించుకుని పోయి నోటు పళ్ళెంలో వేసింది.

"ఈ బిడ్డనే తల్లి కాపాడిన ఆశ!" అన్నాడు మైసయ్య. జనం దండాలు పెట్టారు. "నీ మాట జెప్పు బిడ్డా," అని మైకు ఆమె ముందుకు వంచాడు.

ఆశ కళ్ళు తెరిచే ఉన్నాయి. అది చూశాను.

"కిష్టత్త షట్టర్‌ను డబ్బతోని కొట్టింది. హరీష్, తాళం తియ్ రా అని మొత్తుకున్నది. తాళం బయటకెల్లి ఏసి ఉండె."

"తాళం బయటకెల్లి ఏసి ఉండే, ఔ!" అన్నాడు పక్కవాడు.

అన్నాక తెలిసింది వాడికి. నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. ఢోలు ఆగింది.

హరీష్ లేచి మైకువాడికి చేత్తో సైగ చేశాడు. మైకు పోయింది. "సాలు మైసయ్యా. ఆపు. పోరికి పాణం మంచిగ లేదు."

మైసయ్య మైకును తట్టి చూశాడు. పక్కన పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. మైకు లేని రోజుల నుంచీ చెప్పిన గొంతు, సందు చివరిదాకా వినబడింది.

"నడుమ ఆపితె అరిష్టం సారూ. పట్నం ఏసినం. బండారి సల్లినం. మంగళం పాడేదాక నేను కూసోను, నువ్వు కూసోబెట్టలేవు. ఒక్కటి జెప్పు. హరీష్ మారాజు పేరు కథల ఉంచాల్నా, తియ్యాల్నా?"

హరీష్ జనం వైపు చూశాడు. ఉంచమంటే తాళం తనది. తియ్యమంటే అందరి ముందూ తప్పు ఒప్పుకున్నట్టు.

వెనక నుంచి ఎవడో అరిచాడు. "ఉంచు మామా, ఉంచు! పెట్టినోడు ఆయనే గద!"

జనం నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. వాళ్ళలో సగం మందికి తాళం సంగతి మొదటి నుంచీ తెలుసు. ఏడాది పాటు నోరు మూసుకుని, ఒక ఆడపిల్ల ముందుకు వచ్చి నిలబడ్డాక నవ్వుతారు.

మైసయ్య ఆశను పక్కన నిలబెట్టుకున్నాడు. "తాళం ఎవలేసిన్రు బిడ్డా?" అని అడిగాడు. ఆమె చెప్పింది. "తీసిన్రా?" అన్నాడు. లేదంది. అతను కథలో పెట్టాడు, పక్కవాడు అందుకున్నాడు, ఢోలు అందుకుంది. హరీష్ కుర్చీలు తప్పించుకుంటూ సందులోంచి వెళ్ళిపోయాడు. మంగళం పాడేదాకా మిగతావాళ్ళెవరూ కదల్లేదు.

అయ్యాక ఆశ నా దగ్గరికి వచ్చింది. "పొద్దుగాల చర్చిల అందరితోటి పలుకుతుంటె గా పేరు కాడ నా నోరు ఆగిపోయింది మామా. పక్కన నిలబడ్డ అమ్మ నా దిక్కు సూసింది. గప్పుడు చప్పుడంత యాదికొచ్చింది. డబ్బ చప్పుడు. తాళం ఎగిరి ఎగిరి పడ్డ చప్పుడు."

"కోర్టుల గూడ గిదే జెప్పు," అన్నాను. అంతకు మించి నాకు చేతకాలేదు.

*

చెప్పింది. వకీలు ఎంత తిప్పి అడిగినా చెప్పింది. తీర్పు ఇంకా రాలేదు. హరీష్ నాకు ఎదురుపడితే రోడ్డు దాటుతాడు. దాటాలి కూడా. వాడు చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా నేను క్షమించను.

ఆశ మళ్ళీ నిద్రలో ఉలిక్కిపడుతోందట. శాంతాబాయి నాతో మాట్లాడదు. ఆమె కోపం న్యాయమే. అయినా నేను పోయి తప్పయిందని చెప్పను. తేజేష్ ఆ వీడియో పెట్టాడట, హాకిం పేరు సంగతి చివర కలిపాడట. నేను చూడలేదు. చివర ఎందుకు కలపాలి?

మొన్న శివరాత్రికి కీసర జాతరలో మైసయ్య కిష్టమ్మ కథ చెబుతున్నాడని తెలిసి పోయాను. గుట్ట కింద జనం కిక్కిరిసి ఉన్నారు. గంట మోగింది. పొయ్యి చల్లబడింది. హరీష్ మారాజు పేరు ఉంది. కానీ వాడికి ఇప్పుడు కోరలు మొలిచాయి. షట్టర్ ఇనుప కోట అయింది. దానికి ఏడు తాళాలు, పాతాళంలో పోతపోసినవి.

"ఏడు తాళాలు ఏసిండురా!"

"ఏడు తాళాలూ, ఔ!"

నేను లేచాను. "ఒక్కటే!" అని అరిచాను.

జనం తిరిగి చూశారు. ఎవడో కూర్చో ముసలోడా అన్నాడు. మైసయ్య నన్ను గుర్తు పట్టి కథ ఆపకుండానే చేతులు జోడించాడు. మళ్ళీ ఏడు అన్నాడు. నేను మళ్ళీ లేచాను.

ఆ కథ ఎక్కడ చెప్పినా ఇప్పుడు నేను పోతాను. ముందు వరసలో కూర్చుంటాను. ఏడు అన్నప్పుడల్లా లేస్తాను. పాతాళంలో కాదు, నాచారం బజారులో కొన్నది. ఒక్కటే తాళంకప్ప. దాని చెవి హరీష్ జేబులో ఉండింది.